విల్లుతో కొట్టినా వేటే! జింకల వేట, చట్టం, రైతు గోడు

(గ్రామీణ విలేఖరి)

మెట్ట పల్లెల్లో పప్పుశనగ మొలక నేలపైకి వచ్చే రోజుల్లో రచ్చబండల దగ్గర ఒక వాదన తరచుగా వినవస్తున్నది. తుపాకీకి లైసెన్సు కావాలి, విల్లుకు అక్కరలేదు, కాబట్టి విల్లుతో జింకను కొడితే ఎవరూ ఏమీ చేయలేరన్నది ఆ వాదన. తాతలనాటి వెదురువిల్లు గురించి పెద్దలు ఈ మాట అంటుంటే, వీడియోలలో చూసిన విదేశీ అడ్డవిల్లు గురించి కుర్రవాళ్ళు అంటున్నారు. ఈ అడ్డవిల్లునే ఇంగ్లీషువాళ్ళు క్రాస్‌బో అంటారు.

ఈ వాదన పూర్తిగా తప్పు. దీనిని నమ్మి పొలంలోకి దిగిన మనిషి కనీసం మూడేళ్ళు జైలులో గడపవలసి రావచ్చు. అయితే ఈ మాట పుట్టడానికి కారణమైన రైతు బాధ మాత్రం అబద్ధం కాదు. చట్టం ఏమి చెబుతున్నది, ఎక్కడ ఆగిపోతున్నది, రైతుకు మిగిలిన దారులు ఏమిటి అనే విషయాలను ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల పాఠకుల కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

అడ్డవిల్లు అంటే ఏమిటి?

మామూలు విల్లును ఎడమచేత నిలువుగా పట్టి, కుడిచేత నారిని లాగి, గురి కుదిరేదాకా ఆ బిగువును కండబలంతోనే ఆపవలసి ఉంటుంది. అడ్డవిల్లులో తుపాకీ కర్ర వంటి మొద్దు మీద విల్లును అడ్డంగా బిగిస్తారు. నారిని ఒకసారి వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తే అది అక్కడే నిలుస్తుంది. పొట్టి బాణాన్ని గాడిలో పెట్టి, భుజానికి ఆనించి, మీట నొక్కితే చాలు. ఏళ్ళ తరబడి సాధన చేయనివాడు కూడా కొద్దికాలంలోనే గురి చూడగలడు. తుపాకీ మోత ఉండదు. దొంగవేటగాళ్ళకు ఈ రెండు గుణాలే ఆకర్షణ.

ఇది కొత్త ఆయుధమేమీ కాదు. యూరపు రాజులు యుద్ధాలలో దీనిని విరివిగా వాడారు. 1139లో రోమునగరంలో జరిగిన క్రైస్తవ మతపెద్దల మహాసభ, క్రైస్తవుల మీద ఈ ఆయుధాన్ని ప్రయోగించరాదని నిషేధం విధించింది. సాధన లేని మనిషి చేతిలో కూడా ఇది అంత ప్రమాదకరమైనది కనుకనే ఈ చర్చ తొమ్మిది వందల ఏళ్ళ నాడే మొదలైంది.

ఏది జింక, ఏది దుప్పి?

మనం జింక అని ఒకే మాటతో పిలిచే జంతువులు నిజానికి రెండు జాతులవి. నల్లమల, లంకమల, శేషాచలం అడవుల్లో తిరిగే పొడల దుప్పి, కణితి మొదటి జాతివి. వీటిలో మగవాటి కొమ్ములు కొమ్మలు వేస్తాయి, కొంతకాలానికి ఊడిపోయి మళ్ళీ మొలుస్తాయి. రెండవ జాతి కృష్ణజింక, బుర్రజింక, కొండగొర్రె, మనుబోతు వగైరా. వీటి కొమ్ములు కొమ్మలు వేయవు, ఊడిపోవు.

కృష్ణజింకలో మగదానిని మన పెద్దలు ఇర్రి అనేవారు. వీపు నలుపు, కడుపు తెలుపు, మెలితిరిగిన పొడవాటి కొమ్ములు దాని గుర్తులు. ఆడదానికి సాధారణంగా కొమ్ములుండవు, రంగు లేత గోధుమ. ఇది అడవి జంతువు కాదు, బయలు జంతువు. పచ్చిక బీళ్ళు, నల్లరేగడి మైదానాలు దీనికి ఇష్టం. దట్టమైన చెట్లలోకి పోదు. అందువల్లనే నల్లమల పులి కంటే ఇది రైతుకు దగ్గరగా బతుకుతున్నది, రైతుతో దానికి పేచీ కూడా ఎక్కువగా వస్తున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింకే కావడం గమనార్హం.

చట్టం చూసేది జంతువును, ఆయుధాన్ని కాదు

వేటను గురించి దేశమంతటికీ వర్తించే చట్టం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఈ చట్టంలో వేట అనే మాటకు అర్థం చాలా విస్తృతం. చంపడం మాత్రమే వేట కాదు. పట్టడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, వల పన్నడం, తరమడం, ఎర వేయడం, గాయపరచడం అన్నీ వేటే. వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. బాణం గురి తప్పి జింక తప్పించుకుపోయినా నేరం తప్పించుకుపోదు.

ఆయుధం అనే మాటకు కూడా చట్టం నిర్వచనం ఇచ్చింది. తుపాకులు, మందుగుండు, కత్తులు, వలలు, విషం, ఉచ్చులతో పాటు విల్లు, బాణాలు అనే మాటలు ఆ నిర్వచనంలో స్పష్టంగా ఉన్నాయి. జంతువును గాయపరచగల లేక చంపగల ఏ పరికరమైనా ఆయుధమేనని కూడా అందులో ఉన్నది. కాబట్టి అడ్డవిల్లు పేరు విడిగా రాసి లేదు గనుక అది చట్టానికి అందదనే వాదన నిలవదు. తుపాకీ లైసెన్సు సంగతి చూసేది వేరే చట్టం. లైసెన్సు ఉన్న తుపాకీతో కొట్టినా, లైసెన్సు అక్కరలేని కట్టెతో కొట్టినా వేట నేరం ఒక్కటే.

ఒకప్పుడు వేటకు లైసెన్సులు ఇచ్చిన మాట నిజం. 1972లో చట్టం వచ్చినప్పుడు కొన్ని జంతువులను రుసుము కట్టి, అనుమతి పొంది వేటాడే పద్ధతి అందులో ఉండేది. దుప్పి, కణితి వంటివాటిని పెద్దవేట జంతువుల పట్టికలో చేర్చారు. కానీ ఆనాడు కూడా పెద్దవేటకు రైఫిలు వాడాలనే నియమం ఉండేది. రాత్రివేళ వేట, దీపం వేసి వేట, నీటిగుంటల దగ్గర కాపువేసి వేట, విషపు ఆయుధాలతో వేట నిషిద్ధం. అంటే లైసెన్సులున్న కాలంలో సైతం విల్లుతో దుప్పిని కొట్టడానికి వీలులేదు. కృష్ణజింక అయితే మొదటినుంచీ అత్యంత రక్షణగల మొదటి షెడ్యూలులోనే ఉన్నది.

1991లో చట్టాన్ని సవరించి ఈ లైసెన్సుల పద్ధతిని పూర్తిగా ఎత్తివేశారు. నాటినుంచి సరదా కోసం గానీ, మాంసం కోసం గానీ షెడ్యూళ్ళలో ఉన్న జంతువుల వేటకు దేశంలో అనుమతి లేదు.

శిక్షల సంగతి

2022లో చట్టాన్ని మళ్ళీ సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా విధిస్తారు. అభయారణ్యం లోపల ఏ వన్యప్రాణిని వేటాడినా ఇదే శిక్ష. ఇతర నేరాలకు మూడేళ్ళ వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి.

కొట్టినవాడికే కాదు, పంచుకున్నవాడికి కూడా చిక్కే. వన్యప్రాణి మాంసం, చర్మం, కొమ్ములు ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం. వాడిన విల్లు, వల, మోటారుసైకిలు స్వాధీనం చేసుకోవచ్చు. చచ్చిపడిన జంతువు తాలూకు కొమ్ము గానీ చర్మం గానీ చేతికి వస్తే 48 గంటల లోపల పోలీసు స్టేషనులో గానీ అటవీ అధికారికి గానీ తెలియజేయాలి. గోడకు తగిలించిన తాతగారి కొమ్ములకు కూడా యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి.

అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడం కూడా నేరమే. విల్లు ఆయుధమేనని పైన చెప్పుకున్నాము. అడవిలో విల్లు భుజాన వేసుకుని నడిచినందుకే కేసు పెట్టవచ్చునన్నమాట.

పెద్దవారైనా ఈ చట్టం ముందు నిలబడవలసిందే. 1998లో రాజస్థాన్‌లోని కంకాణీ గ్రామం దగ్గర కృష్ణజింకలను వేటాడిన కేసులో సినీనటుడు సల్మాన్‌ఖాన్‌కు 2018 ఏప్రిల్ 5న జోధ్‌పూర్ కోర్టు అయిదేళ్ళ జైలుశిక్ష విధించింది. ఆయన అప్పీలు చేసి బెయిలు పొందారు. అక్కడ ఫిర్యాదు చేసి, కేసును వదలకుండా వెంటాడినవారు జింకలను ప్రాణంగా చూసుకునే బిష్ణోయి గ్రామస్తులే.

చెంచుల విల్లు మాటేమిటి?

విల్లు అనగానే మన ప్రాంతంలో మొదట గుర్తుకు వచ్చేది చెంచులు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడినందున ఆయనను చెంచులు తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. ఏటా సంక్రాంతి పండుగ మరునాడు, కనుమ రోజున మొదలయ్యే అహోబిలం పారువేట ఉత్సవంలో స్వామి పల్లకిలో సుమారు నలభై రోజుల పాటు చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాడు. శ్రీకాళహస్తి శివునికి కన్నులిచ్చిన తిన్నడు కూడా విల్లు పట్టిన వేటగాడే. ఆయన పుట్టింది తమ ఊరిలోనేనని కడప జిల్లా రాజంపేట దగ్గరి ఊటుకూరువారి నమ్మకం. వేటగాడిని దేవుడికి అల్లుడివరస కలిపిన గడ్డ మనది.

నల్లమల చెంచుల జీవితాన్ని దగ్గరగా చూసి 1943లో పుస్తకం ప్రకటించిన ఆస్ట్రియా పండితుడు హైమన్‌డార్ఫ్ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాడు. చెంచు పురుషుడు విల్లు లేకుండా బయటికి కదలడు గానీ, కుటుంబం కడుపు నింపేది ప్రధానంగా అడవి దుంపలు, పండ్లు, తేనె వంటివేనని ఆయన గమనించాడు. వెదురువిల్లుతో ఏనాడో ఒకసారి దొరికే జంతువు గూడేనికంతా పంపకం అయ్యేది. జింకజాతి తరిగిపోవడానికి చెంచు విల్లును కారణంగా చూపడం న్యాయం కాదు. బీళ్ళు దున్ని పొలాలు కావడం, తుపాకులు, జీపులు, దీపాలు రావడం అసలు కారణాలు.

అయినా చట్టం చెంచుకు మినహాయింపు ఇవ్వలేదు. నాగార్జునసాగర్ శ్రీశైలం ప్రాంతం 1978లో అభయారణ్యం అయింది, 1983లో పులుల సంరక్షణ కేంద్రం అయింది. వన్యప్రాణి చట్టంలో గిరిజనుల వేట హక్కును కాపాడే సెక్షను ఒకటి ఉన్నది గానీ, అది నికోబార్ దీవుల గిరిజనులకు మాత్రమే వర్తిస్తుంది. ఇక 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు, సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తున్నారు గనుక వేట కూడా అందులో ఉంటుందని కొందరు అనుకున్నారు. భూమి, తేనె, వెదురు, చేపలు, పశువుల మేత వంటి హక్కులను ఆ చట్టం గుర్తించింది. కానీ వన్యప్రాణులను వేటాడే, ఉచ్చువేసి పట్టే సంప్రదాయ హక్కు ఇందులో చేరదని అదే సెక్షనులో స్పష్టంగా రాసింది.

పెద్ద చర్చ జరగవలసింది ఇక్కడే. దుప్పి, కణితి నల్లమల పులికి ఆహారం. అవి తగ్గితే పులి ఆకలితో ఊళ్ళ పశువుల మీదికి వస్తుందని అటవీశాఖ వాదన. తరతరాలుగా పులితో కలిసి బతికినవారిని ఆంక్షలలో పెట్టి, వారి చేతి విల్లును దొంగవేటగాడి తుపాకీతో సమానం చేయడం అన్యాయమని గిరిజనుల పక్షాన మాట్లాడేవారి వాదన. రెండిటిలోనూ నిజం ఉన్నది. చట్టం మాత్రం మొదటి పక్షాన నిలిచింది. చెంచు యువకులు పలువురు అటవీశాఖలో రక్షణ కాపలాదారులుగా, దొంగవేటగాళ్ళ జాడ తీసేవారుగా పనిచేస్తున్నారు. అడుగుజాడ చదవగల విద్యను కేసుల పాలు చేయకుండా కూలి రూపంలోనైనా నిలబెట్టిన ఏర్పాటు ఇది. అయితే ఆ కూలి నెలనెలా అందాలి, ఆ కొలువు నిలకడగా ఉండాలి.

వేటగాడి విద్య విలువ ఎంతటిదో కడప జిల్లా ఒకసారి లోకానికి చూపింది. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో లంకమల అడవుల అంచున మళ్ళీ దొరికింది. పండితులు వెదికి వేసారిన ఆ పక్షిని గుర్తించి పట్టి చూపినది చదువుకున్న శాస్త్రవేత్త కాదు, స్థానికంగా వేట తెలిసిన మనిషి. దాని పేరుతోనే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

రైతు గోడు

ఇక రైతు సంగతి. ఉమ్మడి కర్నూలు జిల్లా నందికొట్కూరు దగ్గర ఉన్న రోళ్ళపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పక్షి కోసం ఏర్పడినది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. బీడుకు కంచె వేసి మేపు ఆపడంతో గడ్డి పెరిగింది, దానితో కృష్ణజింకలు కూడా పెరిగాయి. ఇంత చిన్న బీడులో మందలన్నిటికీ మేత చాలదు. అవి చుట్టుపక్కల పొలాలపై పడటం మొదలైంది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకులు ఇక్కడ జింకల వల్ల కలిగే పంటనష్టాన్ని గురించి ప్రత్యేకంగా పరిశీలించి వ్యాసం ప్రకటించారు. అంటే ఇది రైతుల కల్పన కాదు, శాస్త్రజ్ఞులు ఒప్పుకున్న సమస్య. ఏ బట్టమేక కోసం అభయారణ్యం పెట్టారో అది కనబడటమే గగనం కాగా, జింకల బెడద రైతుకు మిగలడం విచారకరం.

ఆలూరు, పత్తికొండ, ఆదోని వైపు మెట్ట పొలాలలోనూ కృష్ణజింకల మందలు తిరుగుతున్నాయి. అక్కడ అభయారణ్యం లేదు, కంచె లేదు, కాపలా లేదు. జింక తినేదానికంటె తొక్కేది ఎక్కువ అంటారు రైతులు. పప్పుశనగ, వేరుశనగ, జొన్న, కంది పైర్లు మొలక దశలో ఉన్నప్పుడు మంద ఒక రాత్రి పడితే విత్తనం ఖర్చు, దుక్కి ఖర్చు పోయినట్టే. రెండవసారి విత్తడానికి పదును ఉండదు. వర్షాధారపు సేద్యంలో పదును పోతే ఆ ఏడాది పంట పోయినట్టే. కొడితే జైలు, కొట్టకపోతే అప్పు అని రైతులు వాపోతున్నారు.

ఇక్కడ చట్టంలోని ఒక తేడాను రైతులు గ్రహించాలి. రెండవ షెడ్యూలులో ఉన్న జంతువు పంటకు ప్రమాదకరంగా మారితే, దానిని వేటాడటానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అడవిపంది విషయంలో ఈ మార్గం ఉన్నది. కృష్ణజింక మొదటి షెడ్యూలులోనిది. ఆ షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదకరమైనా, కోలుకోలేని గాయంతో గానీ రోగంతో గానీ ఉన్నా మాత్రమే అనుమతికి వీలున్నది. పంట నష్టం అనే కారణం అక్కడ చెల్లదు. కాబట్టి జింకలను కొట్టడానికి అనుమతి ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు.

కొందరు పొలం చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. ఇది విల్లుకంటె ఘోరమైన పని. తీగకు జింక ఏది, పక్కచేను రైతు ఏది, తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వచ్చిన కూలీ ఏది తెలియదు. జింక చస్తే వన్యప్రాణి కేసు, మనిషి చస్తే ప్రాణం తీసిన కేసు, రెండిటితోపాటు కరెంటు చౌర్యం కేసు మెడకు చుట్టుకుంటాయి.

ఇతర దేశాలలో ఎలా?

అమెరికాలో అడ్డవిల్లుతో జింకలను వేటాడటం చాలా రాష్ట్రాలలో చట్టసమ్మతమే. అయినా అక్కడా వివాదం లేకపోలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో 2009లో విలుకాండ్ర వేట సీజనులోకి అడ్డవిల్లును అనుమతించినప్పుడు మామూలు విల్లు పట్టే వేటగాళ్ళ సంఘాలే వ్యతిరేకించాయి. సాధన లేనివాడు వచ్చి తమ వేటను కాజేస్తాడన్నది వారి బాధ. ఇంగ్లండులో 1981 నాటి చట్టం ప్రకారం విల్లుతో గానీ, అడ్డవిల్లుతో గానీ అడవి జంతువును చంపడం నేరం. జర్మనీలో గిట్టల జంతువులపై బాణం వేయరాదు. బాణం తగిలిన జంతువు వెంటనే పడిపోకుండా రక్తం కారుతూ దూరం పరుగెత్తి, దొరకకుండా ఎక్కడో నరకయాతనతో చస్తుందన్నది అక్కడివారి ప్రధాన అభ్యంతరం.

మన కుర్రవాళ్ళు చూసే వీడియోలు ఎక్కువగా అమెరికావి. అక్కడ తెల్లతోక జింకలు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. ఏ నెలలో, ఎన్నింటిని, ఏ ఆయుధంతో కొట్టాలో ప్రభుత్వం లెక్కకట్టి లైసెన్సు ఇస్తుంది. మన దేశంలో కృష్ణజింక ఒకప్పుడు మైదానాలంతటా మందలు మందలుగా ఉండి, వేటవల్ల, బీళ్ళు తరిగిపోవడం వల్ల చాలా చోట్ల మాసిపోయింది. దానిని వేటాడి అదుపులో ఉంచిన చిరుతపులి వంటి చీటా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. తోడేళ్ళు కూడా తగ్గిపోయాయి. కొన్ని పల్లెలలో మందలు పెరిగినట్టు కనిపించడానికి ఇదీ ఒక కారణమే గాని, దేశం మొత్తం మీద జింక ఎక్కువైందని అర్థం కాదు.

దారి ఏమిటి?

మొదటిది నష్టపరిహారం. అడవి జంతువుల వల్ల పంట నష్టపోతే ప్రభుత్వం పరిహారం చెల్లించే ఏర్పాటు రాష్ట్రంలో ఉన్నది. అది చాలదని, ఆలస్యమవుతున్నదని రైతుల ఫిర్యాదు. అయినా అర్జీ పెట్టకుండా ఊరుకుంటే నష్టం లెక్కలోకే రాదు. మంద పడిన మరునాడే చేను ఫోటోలు తీసి, అడుగుజాడలు, పెంటికలు కనబడేటట్టు చూసి, పాసుపుస్తకం నకలుతో అటవీ రేంజి కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. గ్రామ రెవెన్యూ, వ్యవసాయ సిబ్బందిని పిలిపించి చేను చూపించాలి. ఒక్కొక్కరు కాక ఊరంతా కలిసి అర్జీలు ఇస్తే, ఏ ఊళ్ళో ఎన్ని ఎకరాలు పోయినవో రికార్డులో నిలుస్తుంది.

రెండవది పంటల బీమా. అడవి జంతువుల దాడివల్ల కలిగే పంటనష్టాన్ని ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో చేర్చి 2026 ఖరీఫ్ నుంచి అమలు చేయనున్నట్టు కేంద్ర వ్యవసాయశాఖ 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల లోపల రైతు ఫోటోలతో బీమా యాప్ ద్వారా తెలియజేయాలి. ఏయే జంతువులు, ఏయే ప్రాంతాలు ఈ రక్షణ కిందికి వస్తాయో గుర్తించే పని రాష్ట్ర ప్రభుత్వాలది. అసలు కీలకం ఇక్కడే ఉన్నది. ఆ పట్టికలో కృష్ణజింక పేరు, మన మెట్ట మండలాల పేర్లు ఉండాలి. లేకపోతే బీమా ఉండి కూడా మనకు ఉపయోగం లేదు. రైతుసంఘాలు, సర్పంచులు, శాసనసభ్యులు పట్టుబట్టవలసింది దీని మీద.

మూడవది తరలింపు. చట్టప్రకారం కేంద్రం ముందస్తు అనుమతితో మొదటి షెడ్యూలు జంతువులను కూడా వేరే చోటికి తరలించవచ్చు. కృష్ణజింక బెదురు జంతువు. వల వేసి పట్టబోతే బెదురుతోనే చనిపోయే ప్రమాదం ఉన్నది. 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ ప్రాంతంలో దక్షిణాఫ్రికా పద్ధతిని అనుసరించి, హెలికాప్టరుతో మందలను మెల్లగా గరాటు ఆకారపు దొడ్డిలోకి తోలి, వందల కొద్దీ కృష్ణజింకలను పట్టి సురక్షితంగా అభయారణ్యానికి చేర్చారు. ఆ రాష్ట్రంలో సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదో అటవీశాఖ ఆలోచించాలి.

నాలుగవది బీళ్ళు. ఊరి చుట్టూ మిగిలిన మేతబీళ్ళు, వంక పోరంబోకులు ఒక్కొక్కటే సాగులోకి, ఫ్యాక్టరీలలోకి పోతున్నాయి. బీడు లేని జింక చేను మీద పడక తప్పదు. ఉన్న బీళ్ళలోనైనా గడ్డి నిలిపి, వేసవిలో నీటితొట్లు నింపితే పొలాలపై ఒత్తిడి కొంత తగ్గుతుంది.

జింకను కాపాడమని చట్టం అందరి తరఫునా చెప్పినప్పుడు, దాని మేత ఖర్చును పదెకరాల మెట్ట రైతు ఒక్కడే భరించాలనడం న్యాయం కాదు. ఆ ఖర్చును ప్రభుత్వం పంచుకోవాలి. ఆ హక్కు కోసం అడగవలసిన చోటు రేంజి కార్యాలయం, కలెక్టరు అర్జీల దినం, గ్రామసభ. విల్లు పట్టిన రైతు ముద్దాయిగా నిలబడి తన న్యాయమైన ఫిర్యాదును కూడా పోగొట్టుకుంటాడు. జొన్న, శనగ విత్తే కాలానికి ముందే జింకల బెడద ఉన్న గ్రామాల జాబితా తయారుచేసి, బీమా పట్టికలో చేర్పించడానికి జిల్లా అధికారులు పూనుకోవాలని మెట్ట రైతాంగం కోరుతున్నది.